బాత్‌రూం బాగుచేయిస్తే గీజర్‌కు ఏమవుతుంది?

ఇరవై, ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఫ్లాట్లలో ఇప్పుడు బాత్‌రూంలు కొత్తరూపు దిద్దుకుంటున్నాయి. తుప్పు పట్టిన జీఐ పైపులు తీసేసి సీపీవీసీ పైపులు వేస్తున్నారు. షవర్ జోరుగా రావాలని మేడ మీద ప్రెషర్ పంపు పెడుతున్నారు. గాజు పలకల పాత వెంటిలేటర్ తీసేసి దుమ్ము, దోమ రాని యూపీవీసీ కిటికీ బిగిస్తున్నారు. టైల్స్ అయిపోయాక, పక్కన పెట్టిన గీజర్‌ను తెచ్చి మళ్లీ పాతచోటే తగిలిస్తున్నారు. "నిన్నటిదాకా బాగానే పనిచేసిందిగా" అన్న ధీమాతో దాన్నెవరూ పరీక్షించరు.

గీజర్‌లో మార్పేమీ లేదు. మారింది దాని చుట్టూ ఉన్న ఇల్లు. పాత బాత్‌రూంలో వేడెక్కి ఉబ్బిన నీటికి వెనక్కి పోయే దారి ఉండేది. లీకైన కరెంటుకు ఇనుప పైపుల గుండా నేలలోకి దిగే దారి ఉండేది. మండే గ్యాసుకు వెంటిలేటర్ గుండా గాలి వచ్చే దారి ఉండేది. వీటిని భద్రతా ఏర్పాట్లని ఎవరూ అనుకోలేదు, చాలాచోట్ల అవి కావాలని చేసినవీ కావు. బాగుచేయించే పనిలో ఈ మూడు దారులూ ఒక్కొక్కటిగా మూసుకుపోతుంటాయి. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, టైల్స్ మేస్త్రీ ఎవరి పని వారు సరిగానే చేస్తారు. ఒకరి పని మరొకరి పనిని ఎలా మారుస్తుందో చూసేవారే ఉండరు.

ముందు కొంచెం లెక్క

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. సాధారణంగా దొరికే ద్రవాల్లో నీటి విశిష్టోష్ణం చాలా ఎక్కువ. 15 లీటర్ల గీజర్‌లో 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 2,200 కిలోజౌళ్లు, అంటే 0.6 యూనిట్ల కరెంటు పడుతుంది. 2 కిలోవాట్ల గీజర్ ఆ పనికి 18 నిమిషాలు తీసుకుంటుంది. ఆ 15 లీటర్లను 25 డిగ్రీల చన్నీటితో కలిపి 40 డిగ్రీలకు తెస్తే 35 లీటర్లవుతాయి. దాదాపు రెండు బకెట్లన్నమాట.

ట్యాంకు పెద్దగా లేని ఇన్‌స్టంట్ గీజర్‌ది వేరే లెక్క. 3 కిలోవాట్ల గీజర్ గుండా నిమిషానికి 3 లీటర్ల చొప్పున నీళ్లు పోతే వాటి వేడి 14 డిగ్రీలే పెరుగుతుంది. జనవరిలో ఆదిలాబాద్‌లోనో అరకులోనో ఇది సరిపోదు. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడెక్కించాలంటే 10 కిలోవాట్లకు పైగా కావాలి. మామూలు ఇంటి వైరింగ్ అంత భారం మోయలేదు, గ్యాస్ మంట మాత్రం తేలిగ్గా ఇస్తుంది. గ్యాస్ గీజర్ మీద జనానికి మోజు అందుకే. దాని ప్రమాదం కూడా ఆ పెద్ద మంటలోనే ఉంది.

ఉబ్బిన నీరు ఎటు పోవాలి?

25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే నీటి ఘనపరిమాణం దాదాపు 1.4 శాతం పెరుగుతుంది. 15 లీటర్లకు 210 మిల్లీలీటర్లు, అంటే ఓ గ్లాసెడు. వినడానికి చిన్న సంగతే. కానీ నీరు గాలిలా నొక్కితే కుంచించుకుపోదు. ఏమాత్రం సాగని డబ్బాలో, అన్ని వైపులా మూసేసి, ఆ నీటిని వేడిచేస్తే ఒత్తిడి సుమారు 300 బార్ల దాకా పోవాలి. ఏ గీజర్ ట్యాంకూ అంతవరకు ఆగదు. ముందే ఉబ్బుతుంది, లేదా అతుకుల దగ్గర పగులుతుంది.

మరి ఇన్నేళ్లూ ఏమీ కాకపోవడానికి కారణం? పాత ఇళ్లలో చాలావాటికి గీజర్ నుంచి డాబా మీది ట్యాంకు దాకా తెరిచిన దారే ఉండేది. ఉబ్బిన గ్లాసెడు నీరు చన్నీటి పైపులోకే వెనక్కి జరిగేది. పది మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు గీజర్ మీద పెట్టే ఒత్తిడి ఒక బార్ మాత్రమే. కొత్తగా బిగించిన ప్రెషర్ పంపు ఈ ఏర్పాటును రెండు విధాల మారుస్తుంది. మొదటిది, ఒత్తిడిని రెండు మూడు రెట్లు చేస్తుంది. రెండోది, ఇదే అసలు సంగతి, పంపుతో పాటు నీరు వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ వస్తుంది. దాంతో ఆ గ్లాసెడు నీటికి దారి మూసుకుపోతుంది.

అప్పుడు మిగిలేది గీజర్ చన్నీటి గొట్టం దగ్గర బిగించే చిన్న ఇత్తడి సేఫ్టీ వాల్వ్ ఒక్కటే. నీరు వెనక్కి రాకుండా ఆపడం, ఒత్తిడి హద్దు దాటితే కాస్త నీటిని బయటికి వదలడం అనే రెండు పనులూ అదే చేస్తుంది. బహుళ అంతస్తుల భవనాలకు పనికొచ్చే గీజర్ల రేటింగ్ పలక మీద 0.8 మెగా పాస్కళ్లు అని కనిపిస్తుంది. అంటే 8 బార్లు, 80 మీటర్ల ఎత్తు నీటి బరువుతో సమానం. కొన్ని ఇన్‌స్టంట్ గీజర్లకు ఇంతకన్నా తక్కువే ఉంటుంది. తెరిచిన గొట్టంతో మాత్రమే వాడాల్సిన రకాలూ ఉన్నాయి. పంపు కొనే ముందు ఆ పలక చదవడం అర నిమిషం పని.

నీళ్లు కాగుతున్నప్పుడు ఈ వాల్వ్ చుక్కలు చుక్కలుగా కారుతుంది. అది దాని పని. కానీ కొత్త టైల్స్ మీద తెల్ల మరకలు పడుతున్నాయని ఇంటివారు విసుక్కుంటారు. ప్లంబర్ వచ్చి "లీకేజీ ఆపేశా" అంటూ ఆ రంధ్రానికి బిరడా బిగిస్తాడు. గీజర్ విషయంలో ఇంతకంటే ప్రమాదకరమైన మరమ్మతు మరొకటి ఉండదు. చేయాల్సింది చాలా తేలిక. ఆ రంధ్రానికి సన్నని గొట్టం తగిలించి, పల్లంగా, మధ్యలో ఎక్కడా కుళాయి లేకుండా నేల మీది ట్రాప్ దాకా దింపాలి. టైల్స్ వేయకముందే అనుకుంటే ఆ గొట్టాన్ని గోడలోనే దాచవచ్చు. తర్వాత గుర్తొస్తే పైకి కనబడుతూ వేలాడుతుంది. వేలాడినా ఫరవాలేదు. ఎంత వేడెక్కినా ఒక్క చుక్కయినా కారకపోతేనే అనుమానించాలి. ఉబ్బిన నీరు మరోదారిన పోతూ ఉండాలి, లేదా వాల్వ్ సున్నం పట్టి బిగుసుకుపోయి ఉండాలి.

ఒత్తిడికి వేడి తోడైతే సంగతి మరీ విషమిస్తుంది. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు, 8 బార్ల అదనపు ఒత్తిడిలో 175 డిగ్రీల దాకా మరగదు. థర్మోస్టాట్ చెడి, థర్మల్ కటౌట్ కూడా పనిచేయకపోతే ట్యాంకులో అంత వేడి నీరు ద్రవంగానే నిలిచి ఉంటుంది. ఎక్కడో అతుకు విడిపోయి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే, ఆ నీటిలో ఏడో వంతు దాకా క్షణంలో ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. గీజర్ పేలడమంటే ఇదే. అందుకే "థర్మోస్టాట్ పోయింది, డైరెక్ట్ చేసి ఇచ్చాం" అని ఎలక్ట్రీషియన్ చెబితే ఆ గీజర్ స్విచ్ వేయకూడదు.

ఇనుప పైపు పోతే ఎర్త్ ఏమైంది?

గీజర్‌లోని ఎలిమెంట్ అంటే లోహపు గొట్టంలో ఉన్న నైక్రోమ్ తీగ. తీగకూ గొట్టానికీ నడుమ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గట్టిగా కూరి ఉంటుంది. ఈ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. పై గొట్టం ఏ మూలో చిట్లితే తేమ లోపలికి దిగుతుంది. తడిసిన పొడి కరెంటును ఆపలేదు. అప్పటి నుంచి కరెంటు కొద్దికొద్దిగా నీటిలోకి, ట్యాంకు లోహంలోకి పాకుతుంది.

ఎర్త్ తీగ సవ్యంగా ఉంటే ఆ కరెంటు దానిగుండా నేలలోకి దిగిపోతుంది. కానీ పాత ఇళ్లు అనేకం ఈ విషయంలో జీఐ పైపుల దయ మీద నడిచాయి. నేలలో పాతిన ఇనుప పైపు దానంతటదే మంచి ఎర్త్. కొన్నిచోట్ల ఎర్త్ తీగను నేరుగా ఆ పైపుకే క్లాంపుతో బిగించేవారు. ప్లంబర్ ఇనుప పైపు కోసి ప్లాస్టిక్ పైపు అతికించిన రోజున ఈ దారి తెగిపోతుంది. గోడలోని ఆకుపచ్చ తీగ అలాగే ఉంటుంది, సాకెట్‌లో మూడో రంధ్రమూ ఉంటుంది. అది కలిసేది మాత్రం దేనికీ ఉండదు.

ప్లాస్టిక్ పైపు కరెంటును ఆపుతుంది కదా, అదీ ఒక రక్షణే కదా అని అడగవచ్చు. కొంతవరకు నిజమే. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీరు అరంగుళం పైపులో రెండు మీటర్లు ప్రయాణిస్తే ఆ నీటి నిరోధం లక్ష ఓమ్‌ల దాకా ఉంటుంది. 230 వోల్టుల దగ్గర దానిగుండా పారేది 2 మిల్లీ ఆంపియర్లు. చేతికి జివ్వుమంటుంది, ప్రాణం పోదు. అయితే చాలా బాత్‌రూంలలో గీజర్ మిక్సర్‌కు సరిగ్గా పైనే ఉంటుంది. మధ్యలో ఉండేది స్టీలు జాలీ అల్లిన కనెక్షన్ పైపు. అప్పుడు ట్యాంకు లోహానికీ చేయి వేసే మిక్సర్‌కూ మధ్య అంత నిరోధం ఉండదు. నీళ్లు జివ్వుమంటున్నాయని ఇంట్లో పిల్లలు చెబితే కొట్టిపారేయకూడదు. అప్పటికే ఎలిమెంట్ చిట్లిందని, ఎర్త్ లేదని, రెండూ కలిపి చెబుతున్న సంకేతం అది.

ఎంసీబీ ఉంది కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది తీగలను, మనిషిని కాదు. తడి ఒంటి నిరోధాన్ని వెయ్యి ఓమ్‌లనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు శరీరం గుండా పోతాయి. గుండె లయ తప్పడానికి అది చాలు. ఎంసీబీ దృష్టిలో మాత్రం అది చిన్న బల్బు వేసినంత భారం.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్ తీగలో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిందా లేదా అని అది నిరంతరం సరిచూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు కంటే తక్కువ సమయంలో సరఫరా తెంచేస్తుంది. తేడా పెద్దదైతే ఇంకా వేగంగా తెంచుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు కూడా గృహ కనెక్షన్లకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల హద్దునే పెట్టాయి. పాత ఫ్లాట్లలో ఆర్‌సీసీబీ లేకపోతే, గోడలు పగలగొట్టిన ఈ సమయమే దాన్ని పెట్టించడానికి అనువైనది. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి చూడాలి. నొక్కినా పడిపోకపోతే అది ఉన్నా లేనట్టే.

కొత్తగా పెట్టిన ఆర్‌సీసీబీ గీజర్ వేసినప్పుడల్లా పడిపోతుంటే దాన్ని తీసేయమని అడిగేవారు కొందరు. అది పడిపోవడమే దాని పని, తప్పు గీజర్‌లో ఉంది. మరో చెడు అలవాటు, సాకెట్ వెనుక ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేయడం. పరీక్ష దీపం వెలుగుతుంది కాబట్టి ఎర్త్ ఉందనిపిస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన మరుక్షణం గీజర్ ఒళ్లంతా ఫేజ్ అవుతుంది. కొత్త పైపులు వేసిన ఇంట్లో ఎర్త్‌ను దీపంతో కాకుండా పరికరంతో కొలిపించాలి. భూమిలో కొత్త ఎర్త్ పిట్ తవ్వించాల్సి వస్తే, అపార్ట్‌మెంటు సంఘంతో మాట్లాడాల్సిందే. ఐఎస్ 3043 అనే భారతీయ ప్రమాణం ఎర్తింగ్ ఎలా చేయాలో వివరంగా చెబుతుంది.

2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. రెండింటికీ 16 ఆంపియర్ల సాకెట్, విడిగా లాగిన రాగి తీగ కావాలి. స్విచ్ బాత్‌రూం బయట ఉండటం మేలు.

బోరు నీటి సున్నం

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. గట్టిరాతి నేలల్లోని బోర్లలో అధిక కాఠిన్యం మామూలే. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగిలితే విడిపోయి, కరగని కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. ఉప్పూ పంచదారా వేడినీటిలో ఎక్కువగా కరిగితే, ఇది అందుకు విరుద్ధంగా వేడిలోనే పేరుకుంటుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిని ఇంట్లో రోజుకు 60 లీటర్లు కాచుతున్నారనుకుంటే, అందులో పదో వంతు పేరుకున్నా ఏడాదికి కిలో సున్నం.

సున్నం పడితే కరెంటు బిల్లు బాగా పెరుగుతుందని అందరూ అంటారు. కరెంటు గీజర్ విషయంలో ఇది అంత నిజం కాదు. ఎలిమెంట్ నీటిలోనే మునిగి ఉంటుంది కాబట్టి, ఆలస్యమైనా ఆ వేడి నీటిలోకే చేరాలి. నష్టం వేరేచోట ఉంది. సున్నపు పొర వేడిని సరిగా పోనివ్వదు, ఎలిమెంట్ లోపల విపరీతంగా కాలుతుంది, పై గొట్టం చిట్లుతుంది. పైన చెప్పిన కరెంటు లీకేజీకి తరచూ మొదలు ఇదే. గీజర్ గరగరమని, టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంటే లోపల సున్నం పెరిగినట్టు. గ్యాస్ గీజర్‌లో మాత్రం వేడి నిజంగానే వృథా అవుతుంది, పొగగొట్టం గుండా బయటికి పోతుంది.

ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకు ఉక్కుకు బదులు తాను తుప్పు పట్టి కరిగిపోవడానికే దాన్ని పెడతారు. బాగుచేయించే సమయంలో గీజర్ ఎలాగూ కిందికి దిగింది కాబట్టి, సున్నం తీయించి, కడ్డీ అరిగితే మార్పించి తగిలిస్తే సరిపోతుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ పోయడం మాత్రం ట్యాంకుకే చేటు.

థర్మోస్టాట్ ఎంతకు పెట్టాలన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. 75 డిగ్రీలకు పెడితే సున్నం త్వరగా పేరుకుంటుంది. 60 డిగ్రీల నీరు కూడా ఐదారు సెకన్లలో పెద్దవారి చర్మాన్ని లోతుగా కాల్చగలదు, పిల్లలకు ఇంకా తక్కువ సమయం చాలు. అలాగని 40 డిగ్రీల దగ్గరే ఉంచి రోజులకొద్దీ నిల్వ పెడితే, న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియాకు 20 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీరే ఇష్టం. నిల్వ నీరు 60 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కాబట్టి ట్యాంకులో 60 ఉంచి, ఒంటి మీదికి వచ్చేచోట చన్నీళ్లు కలిపి తగ్గించడం మంచి మార్గం. ఇంట్లో చిన్నపిల్లలో వృద్ధులో ఉంటే, వేడిని తనంతట తానే సరిచేసే థర్మోస్టాటిక్ మిక్సర్ పెట్టించుకోవడం దండగ ఖర్చేమీ కాదు.

పైపుల సంగతి క్లుప్తంగా: వేడినీటికి మామూలు పీవీసీ పనికిరాదు, ఐఎస్ 15778 ముద్ర ఉన్న సీపీవీసీయే వాడాలి. అదీ వేడికి మెత్తబడేదే. మంచి రకం సీపీవీసీ గది ఉష్ణోగ్రత దగ్గర 28 బార్లు తట్టుకుంటే, 82 డిగ్రీల దగ్గర 7 బార్లే తట్టుకుంటుంది. మూడు మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. గోడలో సిమెంటుతో బిగదీసేస్తే ఆ సాగుడు మూలల దగ్గరి అతుకుల మీద పడుతుంది. టైల్స్ అతికించకముందే పైపుల్లో నీరు నింపి, ఒత్తిడి పెట్టి, కొన్ని గంటలు ఉంచి చూడాలని ప్లంబర్‌ను పట్టుబట్టాలి.

మంటకు గాలి ఏది?

ఇక గ్యాస్ గీజర్. ప్రొపేన్, బ్యూటేన్‌లు కలిసిన వంటగ్యాసు పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా అనుకోవడం ఇక్కడ మోసం చేస్తుంది. ఆ వాసన గ్యాసులో కలిపిన మెర్కాప్టాన్‌ది. మంటలో అది కూడా కాలిపోతుంది.

ఎంత గాలి కావాలి? నిమిషానికి 6 లీటర్ల గ్యాస్ గీజర్ గంటకు దాదాపు కిలో గ్యాసు మండిస్తుంది. కిలో గ్యాసుకు సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. పది నిమిషాల స్నానానికి లెక్కగడితే 2 ఘనమీటర్లు. ఐదడుగులు, ఏడడుగులు, తొమ్మిదడుగుల ఎత్తున్న బాత్‌రూంలో ఉండే మొత్తం గాలి 9 ఘనమీటర్ల లోపే. గాలి చొరబడని గదిలో మొదటి మనిషి స్నానం ముగిసేసరికి ఆక్సిజన్ 21 శాతం నుంచి 16, 17 శాతానికి పడిపోగలదు. మంట ఆక్సిజన్ తగ్గడాన్ని అంతవరకూ సహించదు. 18, 19 శాతం దగ్గరే కార్బన్ మోనాక్సైడ్ ఉత్పత్తి ఊపందుకుంటుంది. అందుకే ఇంట్లో రెండోవారో మూడోవారో స్నానానికి వెళ్లినప్పుడు ప్రమాదం జరిగే అవకాశం ఎక్కువ.

గాజు పలకల పాత వెంటిలేటర్ చూడ్డానికి బాగుండేది కాదు, చలికాలంలో చలిగాలి కొట్టేది. ఆ చలిగాలే ఇంతకాలం ఆదుకుంది. రబ్బరు అంచుల కొత్త కిటికీ దాన్ని పూర్తిగా ఆపేస్తుంది. ఫాల్స్ సీలింగ్ వేస్తే గది ఘనపరిమాణం మరింత తగ్గుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ బయటికి లాగితే గదిలో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు గీజర్ గొట్టం గుండా పైకి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి గదిలోకే వస్తుంది.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ అంటే 200 రెట్లకు పైగా మక్కువ. ఒకసారి పట్టుకుంటే మామూలు గాలి పీల్చుతూ సగం వదిలించుకోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. గాలిలో పది లక్షల వంతుల్లో 400 వంతులుంటే గంటా రెండు గంటల్లో తలనొప్పి వస్తుంది. 1,600 వంతులుంటే ఇరవై నిమిషాల్లో తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. 6,400 వంతులకు చేరితే పావుగంటలోపే ప్రాణం పోవచ్చు. బయటికి రావాలన్న ఆలోచన కలిగేలోపే కాళ్లలో సత్తువ పోవడం దీని ప్రత్యేకత. గడియ పెట్టుకున్నవారు ఆ గడియ తీయలేరు.

గ్యాస్ గీజర్‌ను బాత్‌రూంలో పెట్టకూడదు. ఇందులో రాజీకి తావులేదు. వెంటిలేటర్ పెద్దదా చిన్నదా అన్న చర్చ కూడా అనవసరం. గాలాడే బాల్కనీలోనో, బట్టలుతికే చోటో పెట్టి, వేడినీటి పైపు ఒక్కటి లోపలికి తెచ్చుకోవాలి. పైపులన్నీ కొత్తగా వేస్తున్న ఈ సమయంలో దానికి అదనంగా అయ్యే ఖర్చు కొన్ని మీటర్ల సీపీవీసీ మాత్రమే. అయితే ఏడాది తర్వాత ఆ బాల్కనీకి అద్దాలు బిగిస్తే మళ్లీ కథ మొదటికే వస్తుంది. చాలా మోడళ్లలో ఇరవై నిమిషాలకు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అది మంచిదే కానీ ఆపి మళ్లీ తిప్పితే లెక్క కొత్తగా మొదలవుతుంది, గదిలోని విషవాయువు మాత్రం అలాగే ఉంటుంది. ఎల్‌పీజీ గీజర్లకు ఐఎస్ 15558 ప్రమాణం ఉంది, కొనేటప్పుడు ఆ ముద్ర చూడాలి. సిలిండర్ నుంచి పైపు గ్యాసుకు మారుతున్న ఇళ్లలో గీజర్ జెట్లను కూడా మార్పించాలి. ఒక వాయువుకు చేసిన జెట్‌తో మరో వాయువు సరిగా మండదు. మంట నీలంగా కాకుండా పసుపు రంగుకు తిరిగినా, గీజర్ పై భాగాన మసి కనిపించినా వాడకం ఆపేయాలి.

మన దేశపు వైద్య పత్రికల్లో "గ్యాస్ గీజర్ సిండ్రోమ్" అన్న పేరే ఏర్పడింది. స్నానాల గదిలో స్పృహ తప్పి, కొన్నిసార్లు ఫిట్స్ వచ్చిన స్థితిలో దొరికిన మనుషులు ఆసుపత్రికి మూర్ఛ రోగులుగానే చేరుతుంటారు. దక్షిణాదిలో ఈ పొరపాటుకు మరో కారణం కూడా ఉంది. తల మీద వేడినీళ్లు పోసుకున్నప్పుడు వచ్చే "వేడినీటి మూర్ఛ" అనే వ్యాధి నిజంగానే ఇక్కడ ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ పరిశోధకులు దాన్ని చాలాకాలం అధ్యయనం చేశారు. రెండూ బాత్‌రూంలోనే జరుగుతాయి, చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు.

లోపలివారు పలకకపోతే తలుపు తెరిచి లేదా పగలగొట్టి, గాలి ఆడనిచ్చి, సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టేయాలి. లోపలికి వెళ్లేవారు ఊపిరి బిగబట్టి వెళ్లి, పడిపోయిన మనిషిని ఆరుబయటికి లాగాలి. లోపలే నిలబడి నీళ్లు చల్లి లేపే ప్రయత్నం చేస్తే రెండో మనిషి కూడా పడిపోతాడు. 108కు ఫోన్ చేయాలి. ఆక్సిజన్ అందిస్తే, నాలుగైదు గంటలు పట్టే ఆ సగం విడుదల గంటా గంటన్నరలో జరుగుతుంది. వేలికి తగిలించే ఆక్సీమీటర్‌ను ఇక్కడ నమ్మకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్‌గానే లెక్కగట్టి 98, 99 అని చూపిస్తుంది. స్నానం చేస్తుండగా గ్యాస్ గీజర్ వెలుగుతోందన్న సంగతి ఆసుపత్రిలో డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పాలి. అప్పుడే రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలన్న ఆలోచన వారికి వెంటనే వస్తుంది.